రోడ్డు పనుల కాంట్రాక్టులో గడువు పొడిగింపు (ఈవోటీ): ఫైలు నిలబడాలంటే

అగ్రిమెంటు గడువు ఇంకో పది రోజుల్లో ముగుస్తుందనగా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు (ఈఈ) ఆఫీసుకు వెళ్లి, ‘వర్షాల వల్ల, కరెంటు స్తంభాల వల్ల పని ఆలస్యమైంది, ఆరు నెలలు గడువు ఇప్పించగలరు’ అని ఒక కాగితం ఇచ్చి రావడం చాలామంది చేసే పని. గడువు దొరుకుతుంది కూడా. కాకపోతే ‘ఎల్‌డీ విధించే హక్కుకు భంగం లేకుండా’ అన్న ముక్క ఆర్డర్లో చేరుతుంది. ఎల్‌డీ (లిక్విడేటెడ్ డ్యామేజీలు) అంటే ఆలస్యానికి కాంట్రాక్టరు నుంచి పట్టుకునే పరిహారం. ఫైనల్ బిల్లులో లక్షలు కోత పడ్డాక గానీ ఆ ముక్క బరువు తెలియదు. నిజానికి ఎన్ని రోజులు, ఏ షరతుల మీద వస్తాయన్నది అడ్డంకి మొదలైన తొలి పద్నాలుగు రోజుల్లోనే సగం తేలిపోతుంది.

ముందు మీ అగ్రిమెంటు ఏ రకానిదో చూసుకోండి. ఆర్ అండ్ బీ, పంచాయతీరాజ్ శాఖలు రాష్ట్ర నిధులతో చేయించే పనుల్లో చాలావాటికి ఆంధ్రప్రదేశ్ డిటైల్డ్ స్టాండర్డ్ స్పెసిఫికేషన్స్‌లోని ప్రిలిమినరీ స్పెసిఫికేషన్స్ వర్తిస్తాయి. తెలంగాణ అగ్రిమెంట్లలోనూ 2014 తర్వాత అవే క్లాజులు నడుస్తున్నాయి. పీఎంజీఎస్‌వై (ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన) పనులకు వేరే స్టాండర్డ్ బిడ్డింగ్ డాక్యుమెంటు ఉంది. జాతీయ రహదారులైతే కేంద్ర రవాణా శాఖ మోడల్ ఈపీసీ (డిజైన్, సామగ్రి, నిర్మాణం అన్నీ కాంట్రాక్టరే చూసుకునే) ఒప్పందం. ఒక దాని గడువులు ఇంకో దానికి చెల్లవు. పక్క కాంట్రాక్టరు ఫైలును చూసి రాసిన దరఖాస్తులో క్లాజు నంబరే తప్పుగా ఉండటం కొత్త సంగతేం కాదు.

పీఎస్ 59 ఏం చెబుతుంది

రాష్ట్ర పనులకు మూలం ప్రిలిమినరీ స్పెసిఫికేషన్స్‌లోని ఈ 59వ క్లాజే. మొదటి వాక్యంలోనే గట్టిగా చెబుతుంది: ఆలస్యం ఏ కారణం వల్ల జరిగినా, అక్కడ విడిగా చెప్పిన మేరకు తప్ప, కాంట్రాక్టరుకు నష్టపరిహారం ఉండదు. అంటే యంత్రాలు ఖాళీగా నిలబడ్డాయి, కూలీలను కూర్చోబెట్టి పోషించాం అని డబ్బు అడగడానికి దారి బాగా ఇరుకు. చేతికి వచ్చేది ప్రధానంగా సమయమే. అందుకే ఆ సమయాన్ని రోజు రోజుకూ లెక్కకట్టి తీసుకోవాలి.

మిగతా క్లాజులో పనికొచ్చే విషయాలు ఇవి. కాంట్రాక్టరు చేతిలో లేవని ఈఈ భావించిన కారణాలకు తగినంత పొడిగింపు ఇవ్వవచ్చు. ఇచ్చేది ఈఈ కావచ్చు, మంజూరు అధికారం ఉన్న పైఅధికారి కావచ్చు. ఈఈ రాతపూర్వకంగా ఇచ్చిన ఆదేశం వల్ల పని ఆగితే, నిజంగా పోయిన పని కాలానికి 25 శాతం కలిపి లెక్కించాలి. ఈఈ ఇవ్వాల్సిన ఆదేశం ఇవ్వకపోవడం వల్ల పని ఆగితే, ఆ ఆలస్యాన్ని అంచనా వేయమని సూపరింటెండింగ్ ఇంజనీరు (ఎస్ఈ)ని అడిగే హక్కు కాంట్రాక్టరుకు ఉంది. అదనపు పని అప్పగిస్తే, ఆ పని ఆర్డరు ఇచ్చేటప్పుడే పొడిగింపు కూడా రాతలో ఇవ్వాలి. ఇక అన్నిటికన్నా ముఖ్యం: అడ్డంకి మొదలైన 14 రోజుల్లోపు ఈఈకి రాతపూర్వక క్లెయిము ఇవ్వకపోతే పొడిగింపు ఉండదు.

పద్నాలుగు రోజులు మొదలు నుంచి లెక్క, ముగింపు నుంచి కాదు. స్తంభాలు ఎప్పుడు తీస్తారో చూసి, తీశాక రాద్దామనుకుంటే అప్పటికే ఆలస్యం. ఇరవై అయిదు శాతం సంగతి సైట్ ఇంజనీర్లలో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా మౌఖిక ఆదేశానికి దాన్ని అడిగి భంగపడతారు. ‘ఆ కల్వర్టు ఆపండి, డిజైన్ మారుస్తున్నాం’ అని డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు (డీఈఈ) ఫోన్లో చెబితే, అదే సాయంత్రం ఆ మాటను ఉదహరిస్తూ ఈఈకి లేఖ పంపి, ఆదేశాన్ని రాతలో ధ్రువీకరించమని అడగండి.

పద్నాలుగు రోజుల లేఖ

ఇంగ్లీషులో రాసినా తెలుగులో రాసినా ఉండాల్సింది ఇంతే:

‘కి.మీ. 4/200 నుంచి 5/600 వరకు ఎడమవైపు 11 కేవీ లైను స్తంభాలు తొలగించనందున, ఆమోదిత ప్రోగ్రాం ప్రకారం 2024 మార్చి 1న మొదలు కావాల్సిన వెడల్పు పని మొదలు కాలేదు. అడ్డంకి నేటికీ కొనసాగుతోంది. ఆగినవి: మట్టి పని, జీఎస్‌బీ (కంకర అడుగు పొర). యంత్రాలను ప్రస్తుతానికి కి.మీ. 8/000 – 10/000 వైపు మళ్లించాం. పీఎస్ 59 ప్రకారం ఈ క్లెయిము నమోదు చేస్తున్నాం. రోజుల లెక్క అడ్డంకి తొలగాక సమర్పిస్తాం.’

చైనేజీ (రోడ్డు మీద ఆ చోటును చూపే కిలోమీటరు/మీటరు అంకె), తేదీ, ఆగిన ఐటమ్, మీరు తీసుకున్న ప్రత్యామ్నాయ చర్య, క్లాజు నంబరు. ఈ అయిదూ ఉంటే అర పేజీ చాలు. యంత్రాలను మళ్లించాం అన్న వాక్యాన్ని వదిలేయకండి. ‘మిగతా పది కిలోమీటర్లలో ఎందుకు పని చేయలేదు’ అన్న ప్రశ్న ఎస్ఈ ఆఫీసు నుంచి తప్పకుండా వస్తుంది, జవాబు ఏడాది ముందే ఫైల్లో ఉంటుంది. ఆఫీసు ఇన్‌వార్డు ముద్ర, నంబరు ఉన్న కాపీ మీ దగ్గర ఉండాలి. ముద్ర వేయడానికి సందేహిస్తే రిజిస్టర్డ్ పోస్టు, దాంతోపాటు ఈఈ అధికారిక ఈమెయిలు. వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టడం క్లెయిము ఇచ్చినట్టు కాదు.

అడ్డంకి తొలగిన రోజున రెండో లేఖ. దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. మొదలు తేదీ ఉండి ముగింపు తేదీ లేకపోతే, ముగింపును అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు (ఏఈఈ) తన డైరీ చూసి, తనకు తోచినట్టు రాస్తారు.

లేఖలతో పాటు సైట్లో హిండ్రెన్స్ (అడ్డంకుల) రిజిస్టరు ఉంచండి. వరస నంబరు, అడ్డంకి వివరం, చైనేజీ, మొదలు, ముగింపు, ఇతర అడ్డంకులతో కలిసిన రోజులు, నికర రోజులు, ఏఈఈ సంతకం, కాంట్రాక్టరు సంతకం: ఇన్ని గళ్లు చాలు. ఏఈఈ సైటుకు వచ్చినప్పుడల్లా సంతకం తీసుకోవాలి. ఏడాది చివర ఒకే పెన్నుతో, ఒకే సిరాతో పేజీలన్నీ నింపిన రిజిస్టరును ఆడిట్‌వాళ్లు చూడగానే పట్టేస్తారు. దానికంటే రిజిస్టరు లేకపోవడమే నయం.

ఏది కారణం, ఏది కాదు

డిపార్ట్‌మెంటు ఇవ్వాల్సింది ఇవ్వకపోవడం బలమైన కారణం. భూసేకరణ పూర్తికాని ముక్క, ఆమోదం రాని డ్రాయింగు, రైల్వే జనరల్ అరేంజ్‌మెంట్ డ్రాయింగు మీద పెండింగు, అటవీ అనుమతి, వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద చెట్ల కొట్టివేత అనుమతి. ఇవన్నీ తేదీలతో రుజువయ్యేవే. అయితే సైట్ హ్యాండోవర్ మెమో దగ్గరే చాలా ఫైళ్లు కుంటుపడతాయి. ‘సైటు అప్పగించడమైనది’ అని ఒక్క వాక్యంతో మెమో తీసుకుని సంతకం పెట్టేస్తే, మొత్తం పన్నెండు కిలోమీటర్లూ ఖాళీగా దొరికినట్టే రికార్డు. ఏ చైనేజీలో ఏ అడ్డంకి ఉందో మెమో మీదే రాయించండి. ఒప్పుకోకపోతే సంతకం పెట్టి, అదే రోజు విడిగా లేఖ ఇవ్వండి.

కరెంటు స్తంభాల విషయంలో ఒక మెలిక ఉంది. లైను మార్పిడి డిపార్ట్‌మెంటు డబ్బు కట్టి విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం)తో చేయించేదైతే ఆలస్యం వాళ్లది. అదే పని మీ బీఓక్యూ (పనుల పరిమాణాల పట్టిక)లోనే ఐటమ్‌గా ఉంటే, ‘డిస్కం ఆలస్యం చేసింది’ అంటే సరిపోదు. డిస్కానికి మీరు దరఖాస్తు ఇచ్చిన తేదీ, ఎస్టిమేటు మంజూరైన తేదీ, సూపర్‌విజన్ చార్జీలు కట్టిన తేదీ, ఎల్‌సీ (లైనులో కరెంటు ఆపే అనుమతి) అడిగిన తేదీ, ఎల్‌సీ దొరికిన తేదీ. ఈ అయిదు తేదీల మధ్య మీవైపు ఖాళీ లేదని చూపాలి. తెలంగాణ పల్లె రోడ్లలో మిషన్ భగీరథ పైపులైన్లది ఇంకో తలనొప్పి. డ్రాయింగులో ఒకచోట, భూమిలో ఇంకోచోట ఉంటాయి. పైపు బయటపడిన రోజే ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా) ఏఈతో జాయింట్ ఇన్‌స్పెక్షన్ చేసి, అందరి సంతకాలతో అక్కడికక్కడే నోట్ రాయించుకోండి.

వాన గురించి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానలు పడతాయని టెండరు వేసేనాడే అందరికీ తెలుసు. కాబట్టి మామూలు వానాకాలం కారణం కాదు, అగ్రిమెంటు గడువులో అది కలిసే ఉంటుంది. మామూలుకు మించినదే లెక్కలోకి వస్తుంది, దాన్ని మాటలతో కాక మండలం స్థాయి వర్షపాతం లెక్కలతో చూపాలి. తెలంగాణలో రాష్ట్ర డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ, ఏపీలో ఏపీఎస్‌డీపీఎస్ ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల లెక్కలు పనికొస్తాయి. ఆ నెల సాధారణ వర్షపాతం ఎంత, పడింది ఎంత అని పక్కపక్కనే పెట్టాలి. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు ఆ చుట్టుపక్కల పనులకు ఈ కారణం నిక్కచ్చిగా చెల్లుతుంది. అదే రోజుల్ని ఆ వానలు తాకని జిల్లాలోని పనికి వాడుకుంటే మొత్తం ఫైలు మీదే అనుమానం వస్తుంది. వాన ఆగాక కూడా పని ఆగే రోజులుంటాయి: నానిన సబ్‌గ్రేడ్ (రోడ్డు కింది మట్టి పొర) ఆరాలి, తడి ఉపరితలం మీద బీటీ (తారు) వేయకూడదని కేంద్ర రవాణా శాఖ స్పెసిఫికేషన్లే చెబుతాయి. ఆ రోజుల్ని ఫీల్డ్ డెన్సిటీ, తేమ పరీక్షల రికార్డుతో కలపవచ్చు.

కూలీల కొరత, హాట్‌మిక్స్ ప్లాంటు మరమ్మతు, తారు ధర పెరగడం, క్వారీ లీజు దొరక్కపోవడం, సబ్ కాంట్రాక్టరు పారిపోవడం, పండగలు. ఇవేవీ సాధారణంగా చెల్లవు, రాసినా ఫైలు బలహీనపడటమే. బిల్లుల బకాయి మధ్యరకం. అగ్రిమెంట్లో చెల్లింపు ఆలస్యం గురించి ఏముందో చదవకుండా దీన్ని ఏకైక కారణంగా పెట్టకండి. పెడితే బిల్లు నంబరు, ఎం.బుక్ (కొలతల పుస్తకం) రికార్డయిన తేదీ, టోకెన్ తేదీ, డబ్బు జమయిన తేదీ పట్టికగా ఇవ్వండి.

రోజులు లెక్కకట్టడం

ఎక్కువ ఫైళ్లు వెనక్కి వచ్చేది ఇక్కడే. ఒక ఉదాహరణ తీసుకుందాం. పన్నెండు కిలోమీటర్ల వెడల్పు పని, గడువు 2023 డిసెంబరు 1 నుంచి 2024 నవంబరు 30 వరకు. అడ్డంకులు మూడు:

స్తంభాలు, కి.మీ. 4/200 – 5/600: మార్చి 1 నుంచి ఆగస్టు 31 వరకు, 184 రోజులు.
కల్వర్టు ఆపమన్న ఈఈ రాతపూర్వక ఆదేశం, కి.మీ. 7/300: మే 20 నుంచి జులై 8 వరకు, 50 రోజులు.
వరదకు డైవర్షన్ రోడ్డు కొట్టుకుపోవడం: సెప్టెంబరు 1 నుంచి 21 వరకు, 21 రోజులు.

కూడితే 255. దరఖాస్తులో చాలామంది రాసేది ఇదే. కల్వర్టు రోజులన్నీ స్తంభాల రోజుల్లోనే ఉన్నాయి కాబట్టి, కలిసిన 50 తీసేస్తే నికరం 205. అయినా కల్వర్టును పట్టికలోంచి కొట్టేయకూడదు. ఒకవేళ స్తంభాల కారణాన్ని పైఅధికారి తిరస్కరిస్తే కల్వర్టు తన కాళ్ల మీద నిలబడుతుంది. అక్కడ 25 శాతం సూత్రం కూడా పనిచేస్తుంది: యాభైలో నిజంగా పోయిన పని కాలం 40 రోజులైతే, లెక్కకు వచ్చేది మళ్లీ 50.

ఇప్పుడు అసలు ప్రశ్న. 205 రోజుల పొడిగింపు కావాలా? అడ్డంకులన్నీ పోయిన సెప్టెంబరు 22 నుంచి మిగిలిన పనిని ముందుకు వేసి చూడండి. ఆ 1.4 కిలోమీటర్లలో మట్టి పని, జీఎస్‌బీ, వెట్ మిక్స్ (తడి కంకర పొర), డీబీఎం (కింది తారు పొర) కలిపి 60 రోజులు. పై తారు పొర (బీసీ) మొత్తం పొడవునా ఒకే వరసలో వేయాలి, 25 రోజులు. షోల్డర్లు, రోడ్డు గీతలు, కిలోమీటరు రాళ్లకు 15. మొత్తం 100 రోజులు, అంటే డిసెంబరు 30. నవంబరు 30 దాటి నిజంగా కావాల్సింది 30 రోజులే.

205 అడిగితే ‘సెప్టెంబరు నుంచి మీ చేతిలో సైటు ఖాళీగానే ఉంది కదా’ అని ఫైలు తిరిగొస్తుంది. ఉత్త 30 అని రాస్తే, డిసెంబరులో ఇంకేదైనా జరిగినప్పుడు రెండో ఈవోటీకి చేతిలో ఏమీ ఉండదు. అందుకని రెండూ రాయాలి: కాంట్రాక్టరు బాధ్యత లేని నికర అడ్డంకి 205 రోజులు, పని పూర్తికి ప్రస్తుతం కోరేది 30 రోజులు, మిగతా రోజుల హక్కును వదులుకోవడం లేదు. సవరించిన బార్‌చార్టు జతచేయాలి. ఈ రెండు అంకెలూ వేరుగా చూపిన ఫైలులో ఎల్‌డీ లేకుండా పొడిగించమని సిఫార్సు చేయడం ఈఈకి కూడా సులువు, ఎందుకంటే ఆలస్యం మొత్తానికీ కారణం రికార్డులో ఉంది.

ఇదే కాలంలో మీ ప్లాంటు ఓ పదిహేను రోజులు ఆగిపోయి ఉంటే దాచకండి. ఎం.బుక్‌లో ఖాళీ కనిపిస్తూనే ఉంటుంది. స్తంభాల అడ్డంకి నడుస్తున్న రోజుల్లోనే అది జరిగితే సాధారణంగా సమయం పోదు, ఆ రోజులకు డబ్బు అడిగే అవకాశమే పోతుంది.

ఫైలు, మంజూరు, సప్లిమెంటరీ అగ్రిమెంటు

గడువుకు కనీసం నెల ముందు దరఖాస్తు ఇవ్వండి. ఏఈఈ, డీఈఈ రిమార్కులు, ఈఈ సిఫార్సు దాటి ఎస్ఈ దగ్గరికో చీఫ్ ఇంజనీరు (సీఈ) దగ్గరికో వెళ్లాలంటే నెల పెద్ద సమయం కాదు. ఎవరికి మంజూరు అధికారమన్నది అధికారాల బదలాయింపు ఉత్తర్వుల మీద, టెండరు ఎవరు ఆమోదించారన్న దాని మీద ఆధారపడుతుంది. డివిజన్ ఆఫీసు డ్రాఫ్టింగ్ సెక్షన్లో కనుక్కుంటే అయిదు నిమిషాల పని.

దరఖాస్తుతో వెళ్లాల్సినవి: పద్నాలుగు రోజుల లేఖలన్నీ తేదీల వరసలో, హిండ్రెన్స్ రిజిస్టరు కాపీ, అసలు ప్రోగ్రాం, జరిగిన ప్రోగ్రాం, సవరించిన ప్రోగ్రాం, మైల్‌స్టోన్ల (మధ్య గడువుల) వారీగా చేయాల్సిన విలువ, చేసిన విలువ, తేదీ, లొకేషన్ కనిపించే ఫోటోలు, పాత ఈవోటీ ఆర్డర్లు. వీటితో పాటు బ్యాంకు గ్యారంటీ, కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ బీమా పాలసీ, కార్మికుల పాలసీ గడువులు కొత్త తేదీ దాటేలా పొడిగించి కాపీలు పెట్టండి. గ్యారంటీ మురిగిపోతే ఈవోటీ మంజూరైనా బిల్లు కదలదు. పొడిగించకపోతే డిపార్ట్‌మెంటు గ్యారంటీని క్లెయిము చేసుకునే ప్రమాదమూ ఉంటుంది.

మంజూరయ్యాక నాన్ జ్యుడీషియల్ స్టాంపు పేపరు మీద సప్లిమెంటరీ అగ్రిమెంటు. ఇక్కడ తొందరపడకండి. ‘పొడిగించిన కాలానికి అదనపు రేటు గానీ, మరే క్లెయిము గానీ కోరను’ అన్న హామీ వాక్యం అందులో తరచూ ఉంటుంది. దాని మీద సంతకం పెట్టాక మూడేళ్లకు ఆర్బిట్రేషన్లోనో సివిల్ కోర్టులోనో ఐడిల్ చార్జీలు (యంత్రాలు, కూలీలు ఖాళీగా ఉన్న ఖర్చు) అడిగితే మొదట చూపించేది ఆ కాగితమే. ఒప్పుకోలేని వాక్యం ఉంటే సంతకానికి ముందే ఆక్షేపణ లేఖ ఇవ్వాలి, తర్వాత ఇచ్చినదానికి విలువ తక్కువ.

గడువు దాటిపోయి, ఈవోటీ రాకుండానే పని నడుస్తుంటే ఇద్దరికీ చిక్కే. ఆ తేదీ తర్వాత రికార్డయిన కొలతలకు బిల్లు పెడితే పే అండ్ అకౌంట్స్ ఆఫీసు (పీఏవో) అభ్యంతరం రాస్తుంది. డిపార్ట్‌మెంటు వైపు ఇంజనీర్లు గుర్తుంచుకోవాల్సింది భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 55. సమయమే ప్రాణమైన ఒప్పందంలో గడువు దాటాక చేసిన పనిని నోటీసు లేకుండా స్వీకరిస్తే, ఆ ఆలస్యానికి తర్వాత పరిహారం అడగలేరు. పొడిగింపు, జరిమానా క్లాజులున్న ఒప్పందంలో సమయాన్ని మామూలుగా ఒప్పందానికి ప్రాణంగా భావించరని 1979లో హింద్ కన్‌స్ట్రక్షన్ కాంట్రాక్టర్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే రద్దు చేసే ముందు కొత్త తేదీ ఇచ్చి, ఆ తేదీని ఖచ్చితం చేస్తూ నోటీసు ఇవ్వడం పద్ధతి.

పీఎంజీఎస్‌వై, జాతీయ రహదారులు

పీఎంజీఎస్‌వైలో లిక్విడేటెడ్ డ్యామేజీలు వారానికి అసలు కాంట్రాక్టు విలువలో 1 శాతం, గరిష్ఠం 10 శాతం. ఎనిమిది కోట్ల పనికి వారానికి ఎనిమిది లక్షలు, పది వారాల్లో పరిమితి నిండుతుంది. పూర్తి వివరాలతో అడిగాక 21 రోజుల్లో నిర్ణయం రావాలి. ఆలస్యం కాబోతోందని ముందే హెచ్చరించకపోతే, ఆ వైఫల్యం వల్ల పెరిగిన రోజులు లెక్కలోకి రావు.

ఈపీసీ ఒప్పందంలో క్లాజు 10.5. ఘటన జరిగిన 15 పనిదినాల్లో అథారిటీ ఇంజనీరుకు నోటీసు, అథారిటీకి (పని చేయించే సంస్థకు) కాపీ. తప్పితే హక్కు పోతుందని అక్కడే రాసి ఉంది. ఘటన కొనసాగుతుంటే నెల ముగిసిన 10 రోజుల్లో మధ్యంతర క్లెయిము, ముగిశాక 30 రోజుల్లో తుది క్లెయిము. డ్యామేజీలు రోజుకు కాంట్రాక్టు ధరలో 0.05 శాతం, అంటే వంద కోట్ల పనికి రోజుకు అయిదు లక్షలు, రెండు వందల రోజుల్లో 10 శాతం పరిమితి. ఇవి చివరి తేదీకే కాక షెడ్యూల్ ‘జె’లోని మైల్‌స్టోన్లకూ వర్తిస్తాయి. మోడల్‌లో గడువులో 35 శాతం గడిచేసరికి 10 శాతం, 60 శాతానికి 35 శాతం, 85 శాతానికి 70 శాతం విలువ పని చూపాలి. కాబట్టి అడ్డంకి వచ్చినప్పుడు ముగింపు తేదీతో పాటు ఆ మైల్‌స్టోన్‌కు కూడా విడిగా పొడిగింపు అడగండి. దీన్ని వదిలేస్తే ధర సవరింపులోనూ దెబ్బే: మైల్‌స్టోన్ దాటిన 30 రోజుల్లోపు స్టేజి పేమెంటు స్టేట్‌మెంటు (దశలవారీ బిల్లు) పడని పనికి ధరల సూచీ ఆ మైల్‌స్టోన్ తేదీ దగ్గరే ఆగిపోతుంది.

ఆర్డరు చేతికి వచ్చాక మూడు చోట్ల కళ్లు పెట్టండి. పొడిగించిన తేదీ మీరు లెక్కకట్టిన రోజుకే పడిందా, మధ్య మైల్‌స్టోన్ల తేదీలు కూడా ఆ మేరకు మారాయా, ఎల్‌డీ మాట ఏ రూపంలో ఉంది. ‘ఎల్‌డీ లేకుండా’ అని ఉంటే సమస్య లేదు. ‘ఫైనల్ బిల్లు సమయంలో నిర్ణయిస్తాం’ అని ఉంటే, నికర అడ్డంకి పట్టికను జతచేస్తూ, ఆలస్యంలో ఎన్ని రోజులు తమవైపువో ఇప్పుడే తేల్చమని వారంలోపు ఈఈకి లేఖ పెట్టండి. ఫైనల్ బిల్లు నాటికి ఆ ఏఈఈ, ఆ డీఈఈ ఇద్దరూ వేరే సబ్‌డివిజన్లకు బదిలీ అయి ఉంటారు.